పై మెట్టు ఎక్కాలా, ఉన్న మెట్టు మీదే నిలవాలా? శ్రీనిధి దక్కన్ ముందున్న ప్రశ్న

మొన్నటి మా సంఘం కార్యవర్గ సమావేశంలో ఉగాది ఏర్పాట్ల కన్నా ఎక్కువసేపు ఫుట్‌బాల్ గురించే మాట్లాడుకున్నాం. మా పిల్లల జట్టు కొన్నేళ్లుగా ఆదివారం పోటీల్లో ఆడుతోంది. భాషా సంఘాలు, కాలనీలు, ఆఫీసులు కలిసి పెట్టుకునే చిన్న టోర్నమెంట్లవి. ఇకమీదట జట్టును బెంగళూరు జిల్లా లీగు కింది డివిజన్‌లో చేర్పించాలా వద్దా అన్నది చర్చ.

కోశాధికారి గారు కాగితం తీసి లెక్క చదివారు. రిజిస్ట్రేషన్, రెండు రంగుల జెర్సీలు, బూట్లు, ప్రాక్టీసుకు గ్రౌండు అద్దె, కోచ్‌కు నెల జీతం, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు. ఆయన చదువుతుంటే గదిలో నిశ్శబ్దం పెరిగింది. గుమ్మం దగ్గర నిలబడ్డ పదిహేడేళ్ల కుర్రాడొకడు ఒక్క మాట అన్నాడు: "అంకుల్, ఇక్కడ ఎంత బాగా ఆడినా మమ్మల్ని చూసేదెవరు?"

మా ఇంటి ప్రశ్న చిన్నది. ఇదే ప్రశ్న పెద్ద రూపంలో హైదరాబాద్‌లోని శ్రీనిధి దక్కన్ క్లబ్ ముందు ఉంది. ఐ-లీగ్‌లోనే ఉండి గెలిచి పైకి రావాలా, లేక డబ్బు, పలుకుబడి, ఏ దారి దొరికితే ఆ దారిన ఇండియన్ సూపర్ లీగ్‌లోకి మారిపోవాలా? రెండు తెలుగు రాష్ట్రాలకూ దేశంలోని పై లీగులో ఒక్క క్లబ్ కూడా లేని ఈ సమయంలో ఇది ఆ క్లబ్ యజమానుల ప్రశ్న మాత్రమే కాదు, మనందరిదీ.

ఎక్కడి నుంచి ఎక్కడికి

ఫుట్‌బాల్ మనకు కొత్త ఆట కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ తరం గొప్ప ఆటగాళ్లలో ఒకడు. కానీ ఆయన పేరు నిలబడింది కలకత్తా ఈస్ట్ బెంగాల్ చొక్కాలో. మంచి ఆటగాడు పుట్టిన ఊరు విడిచి పెద్ద లీగు ఉన్న ఊరికి పోవడం అప్పుడే మొదలైంది.

శ్రీనిధి దక్కన్ వెనుక ఉన్నది విద్యాసంస్థల సంస్థ. క్లబ్ 2015లో పుట్టింది. బిడ్ ద్వారా నేరుగా ఐ-లీగ్‌లో చోటు సంపాదించింది. మొదట విశాఖపట్నం పేరు మీద వచ్చినా, స్థిరపడింది హైదరాబాద్ శివార్లలో తన సొంత మైదానం దక్కన్ అరీనాలో. 2021-22లో తొలి ప్రయత్నంలోనే మూడో స్థానం. 2022-23లో రెండో స్థానం. 2023-24లో మళ్లీ రెండో స్థానం.

ఈ రెండు రెండో స్థానాల విలువ తెలియాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఐ-లీగ్ విజేతకు సూపర్ లీగ్ తలుపు తెరుచుకున్నది 2022-23 సీజన్ నుంచే. అంతకుముందు గోకులం కేరళ వరసగా రెండేళ్లు, 2020-21లోనూ 2021-22లోనూ, ఐ-లీగ్ గెలిచింది. ట్రోఫీ చేతికొచ్చింది, ప్రమోషన్ మాత్రం రాలేదు, ఎందుకంటే అప్పటికి ఆ నియమమే అమల్లోకి రాలేదు. తలుపు తెరిచిన మొదటి ఏడాది రౌండ్‌గ్లాస్ పంజాబ్, రెండో ఏడాది మొహమ్మడన్ స్పోర్టింగ్ లోపలికి వెళ్లాయి. రెండుసార్లూ వాళ్ల వెనకే గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది మన క్లబ్.

బెంగళూరు ఎలా మారింది

మారడం గురించి మాట్లాడేటప్పుడు మన ఊరి ఉదాహరణే ముందు చూడాలి. బెంగళూరు ఎఫ్‌సీని 2013లో జేఎస్‌డబ్ల్యూ సంస్థ పెట్టింది. ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి సీజన్‌లోనే, 2013-14లో, విజేత. 2015-16లో మళ్లీ విజేత. 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా వెళ్లింది, ఒక భారతీయ క్లబ్‌కు అది మొదటిసారి. దోహాలో ఇరాక్ ఎయిర్ ఫోర్స్ క్లబ్ చేతిలో 1-0తో ఓడింది. ఇంత పేరు వచ్చాక 2017లో ఐ-లీగ్ విడిచి సూపర్ లీగ్‌లో చేరింది.

అప్పట్లో మాలో కొందరికి అది నచ్చలేదు. గెలిచిన లీగును వదిలి డబ్బున్న లీగుకు పోవడమేమిటని వాదించుకున్నాం. ఫలితం వేరుగా వచ్చింది. మొదటి ఏడాదే పట్టికలో అగ్రస్థానం. 2018 మార్చి 17న కంఠీరవ స్టేడియంలో జరిగిన ఫైనల్లో చెన్నైయిన్ 3-2తో మనల్ని ఓడించింది. ఆ రాత్రి స్టాండ్లలో మేమూ ఉన్నాం. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి మొదటి గోలు కొట్టినప్పుడు మా వరసలో కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ అన్నీ ఒకే కేకగా కలిసిపోయాయి. మరుసటి ఏడాది, సరిగ్గా అదే తేదీన, ముంబయిలో గోవాను ఓడించి కప్పు తెచ్చారు.

ఈ కథ విని "చూశారా, మారితే మంచిదే" అనడం తేలిక. కానీ బెంగళూరు మారేనాటికి దాని చేతిలో ఏమున్నాయో చూడాలి. రెండు లీగు టైటిళ్లు, నష్టం వచ్చినా ఏళ్ల తరబడి భరించగల యజమాని, నగరం నడిబొడ్డున స్టేడియం, ప్రతి మ్యాచ్‌కూ వచ్చే అభిమానుల గుంపు. దానికి తోడు ఈ ఊళ్లో ఫుట్‌బాల్ ఏనాడూ ఎండిపోలేదు. హలసూరు పక్కన గౌతమపురలో పెలే విగ్రహం నిలబెట్టుకున్న జనం ఉన్నారు. పాత మైసూరు రాష్ట్రం నాలుగుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 2023 మార్చిలో కర్ణాటక 54 ఏళ్ల తర్వాత మళ్లీ గెలిచింది. క్లబ్ కింద నేల గట్టిగా ఉంది, అందుకే మార్పు నిలిచింది.

డబ్బుతో దొరికిన చోటు

రెండో ఉదాహరణ మన గుండెకు దగ్గరది, చెప్పుకోవడానికి కష్టమైనది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది. ఎలా వచ్చింది? పుణె సిటీ క్లబ్ మూతపడితే ఆ చోటు మనకు దొరికింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణెలో జెండాలు మడిచి పెట్టుకున్న అభిమానుల గురించి ఆ రోజు మనం ఆలోచించలేదు, సంబరపడ్డాం.

ఆట మాత్రం గొప్పగా ఆడారు. మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచారు. మరుసటి సీజన్ లీగు పట్టికలో రెండో స్థానం. ఆ తర్వాత ఏడాది జీతాల బకాయిలు బయటపడ్డాయి. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కప్పు గెలిచిన రెండేళ్లకే జట్టు పట్టిక అడుగున ఉంది. యాజమాన్యం మారింది. చివరకు 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి మనకు వచ్చిన చోటు మన నుంచి ఢిల్లీకి పోయింది.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. మెట్ల లీగు సరిగ్గా నడిచే దేశంలో క్లబ్ చెడిపోతే కింది డివిజన్‌కు దిగుతుంది. అవమానమే, కానీ ఊరు ఊరే, మైదానం మైదానమే. నాలుగేళ్లకో పదేళ్లకో మళ్లీ ఎక్కుతుంది. మన సూపర్ లీగ్‌లో ఎక్కే మెట్టు ఆలస్యంగా పెట్టారు, దిగే మెట్టు సరిగ్గా పెట్టనే లేదు. 2024-25లో కొత్తగా వచ్చిన మొహమ్మడన్ అట్టడుగున నిలిచినా కిందికి దిగలేదు. వినడానికి ఇది రక్షణలాగే ఉంటుంది. నిజానికి దిగే దారి లేని చోట పడితే క్లబ్ మాయమైనా అవుతుంది, ఊరైనా మారుతుంది. 2020లో ఎంతో చరిత్ర ఉన్న ఈస్ట్ బెంగాల్ కూడా స్పాన్సర్ అండతో చోటు సంపాదించి వచ్చింది. మొదటి ఏడాది తొమ్మిదో స్థానం, రెండో ఏడాది చివరి స్థానం. నూరేళ్ల అభిమానులున్న క్లబ్ కనుక తట్టుకుంది. పదేళ్ల పైచిలుకు వయసున్న క్లబ్ తట్టుకుంటుందా?

ఊగుతున్న పై మెట్టు

ఎక్కబోయే మెట్టు గట్టిదేనా అన్నది మూడో సంగతి. 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం మీదే సూపర్ లీగ్ నిలబడింది. 2025 డిసెంబరు 8తో గడువు ముగిసింది. దాని తర్వాత ఏమిటో తేలక జూలైలోనే నిర్వాహకులు సీజన్‌ను పక్కన పెట్టారు. ఆగస్టులో మన బెంగళూరు ఎఫ్‌సీయే ఆటగాళ్ల, సిబ్బంది జీతాలను నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. గట్టి క్లబ్ అని ఇంతసేపు చెప్పుకున్న క్లబ్ సంగతే ఇది.

సమాఖ్య నియమావళిని సుప్రీంకోర్టు సెప్టెంబరు 19న ఆమోదించింది. ముసాయిదా రాసింది విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ పి.ఎస్. నరసింహ. ఇద్దరూ తెలుగువారే. ఆటలో మనవాళ్లు వెనకబడినా ఆట చట్టం రాయడంలో ముందున్నారని మా సమావేశంలో ఒకాయన చమత్కరించారు. తర్వాత వాణిజ్య భాగస్వామి కోసం టెండరు పిలిస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు. చివరికి కేంద్ర క్రీడా మంత్రి జోక్యం చేసుకుని, 14 జట్లతో 91 మ్యాచ్‌ల లీగు 2026 ఫిబ్రవరి 14న మొదలవుతుందని జనవరిలో ప్రకటించారు. అంటే జట్టుకు 13 మ్యాచ్‌లు. ఏడాదంతా జీతాలిచ్చే క్లబ్ 13 మ్యాచ్‌లతో ఎలా బతుకుతుందో ఏ గుమాస్తా లెక్క వేసినా తెలిసిపోతుంది.

డాలస్ నుంచి ఒక మాట

మన పిల్లలు అమెరికాలో ఉన్నారు కనుక అక్కడి సంగతీ కొంత తెలుస్తుంటుంది. వాళ్ల ఫుట్‌బాల్ వేరు, చేత్తో ఆడేది. కానీ యూనివర్సిటీ జట్లు ఒక కాన్ఫరెన్స్ విడిచి మరో కాన్ఫరెన్స్‌లో చేరడం అక్కడ పెద్ద వ్యవహారం. తెలుగువారు ఎక్కువగా ఉండే డాలస్‌లోని ఎస్‌ఎంయూ 2024లో ఏసీసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో చేరింది. ప్రవేశం కోసం తొమ్మిదేళ్లపాటు టీవీ ఆదాయంలో వాటా వదులుకుంది. పూర్వ విద్యార్థుల విరాళాలు అండగా ఉన్నాయన్న ధైర్యంతో చేసిన పని అది. మొదటి ఏడాదే జాతీయ ప్లేఆఫ్‌కు వెళ్లింది.

అదే దేశంలో ఐడహో యూనివర్సిటీ 2018లో పై స్థాయి మనకు మోయలేని బరువని ఒప్పుకుని కింది స్థాయికి దిగింది. విమర్శలు వచ్చాయి. కొన్నేళ్లకు ఆ స్థాయి ప్లేఆఫ్‌లలో ఆ జట్టు పేరు కనిపించడం మొదలైంది. ఎక్కినవాడూ బాగుపడ్డాడు, దిగినవాడూ బాగుపడ్డాడు. ఇద్దరూ తమ జేబు ఎంతో ముందే చూసుకున్నారు.

మేం రిటైరైన గుమాస్తాలం. ఈ సంగతి మాకు వేరే విధంగా తెలుసు. మా రోజుల్లో ప్రమోషన్ అంటే బదిలీ. ఆఫీసరు హోదా వస్తుంది, కానీ తెలియని ఊరు, అద్దె ఇల్లు, పిల్లల చదువు మధ్యలో ఆగడం. మాలో చాలామంది వద్దని రాసిచ్చి గుమాస్తాలుగానే రిటైరయ్యాం. కొందరు వెళ్లి పెద్ద హోదాల్లో దిగారు. ఎవరిది తప్పు అని ఇన్నేళ్లకూ తేలలేదు. ఒకటి మాత్రం చూశాం. ఇంట్లో ఎవరినీ అడగకుండా, పక్క టేబుల్ ఆయన వెళ్లాడని వెళ్లినవాళ్లే ఎక్కువ బాధపడ్డారు.

మా అభిప్రాయం

శ్రీనిధి దక్కన్ పై లీగుకు వెళ్లాలి. కానీ గెలిచి వెళ్లాలి, చోటు కొనుక్కుని కాదు. గెలిచినవారికి ప్రవేశ రుసుము లేకుండా పైకి వెళ్లే అవకాశం ఉండాలన్నదే ఆసియా సమాఖ్యతో 2019లో కుదిరిన ప్రణాళిక ఉద్దేశం. ఆ రుసుము డబ్బు ఆటగాళ్ల మీద, పిల్లల అకాడమీ మీద పెడితే అది ఊళ్లోనే ఉంటుంది. అలా గెలిచినా, వెళ్లే ముందు మూడు పద్దులు సరిచూసుకోవాలి. ఒకటి, పై లీగులో ఆదాయం పైసా రాకపోయినా కనీసం మూడేళ్లు జీతాలు ఇవ్వగలమా? రెండు, ఏం జరిగినా హైదరాబాద్ విడిచిపోమని అభిమానులకు రాతపూర్వకంగా చెప్పగలమా? మూడు, జట్టులో తెలుగు జిల్లాల పిల్లలకు ఎన్ని చోట్లున్నాయి? ఈ మూడో పద్దు ఖాళీగా ఉంటే పై లీగులో క్లబ్ ఉన్నా లేకపోయినా మనకు పెద్ద తేడా లేదు.

అవతలి వాదన కూడా నిజాయతీగా చెప్పాలి. ఆగడం ఉచితం కాదు. రెండుసార్లు రెండో స్థానంలో ఆగిన జట్టు నుంచి మంచి ఆటగాళ్లు వెళ్లిపోతారు. యజమాని ఓపిక తరిగిపోతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆటలో మహా అంటే పదేళ్లు, క్లబ్‌కు ఉన్నంత ఆయుష్షు వాడికి లేదు. గెలిచే దారి కూడా నున్నటిది కాదు. 2024-25 ఐ-లీగ్ విజేత ఎవరో మైదానంలో తేలలేదు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2025 జూలైలో ఇంటర్ కాశీ అని తేల్చాల్సి వచ్చింది. ఇలాంటి లీగులో "గెలిచి రండి" అనడం కొంచెం కఠినమే. అయినా కష్టపడి ఎక్కిన మెట్టు మీద కాలు గట్టిగా నిలుస్తుందన్నదే మా నమ్మకం.

2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. రహీం సాబ్ ఊళ్లో మనం ఆతిథ్యం ఇచ్చాం. ఇక్కడే మన జట్టు ఫైనల్ ఆడే రోజు రావాలంటే లీగు మారితే చాలదు, నేల తయారు కావాలి.

ఇక మా ఇంటి ప్రశ్నకు వస్తాం. ఓటింగు పెట్టాం. ఒక ఏడాది ఆగుదామని తీర్మానించాం. ఈ ఏడాది కోచ్ జీతానికీ గ్రౌండుకూ వేరే ఖాతా తెరిచి, అందులో రెండేళ్లకు సరిపడా డబ్బు జమ అయ్యాకే జిల్లా లీగుకు దరఖాస్తు పెడతాం. తీర్మానం అయిన వారానికి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ కుర్రాడు, వాడితో పాటు మరొకడు, లీగులో ఆడే వేరే క్లబ్‌కు వెళ్లిపోయారు. వచ్చి చెప్పే వెళ్లారు, "అంకుల్, కోపం పెట్టుకోవద్దు" అని. కోపమేమీ లేదు. వాళ్లది తప్పూ కాదు. జెర్సీలు మాత్రం తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

మేం తీసుకున్న నిర్ణయం సరైనదో కాదో వచ్చే ఉగాదికి తెలుస్తుంది. ఆ ఖాతాలో మొదటి జమ కార్యవర్గ సభ్యులందరి నుంచీ పడింది. బెంగళూరు తెలుగువారిలో ఆట మీద ప్రేమ ఉన్నవారు ఏ ఆదివారమైనా మా మ్యాచ్‌కు రండి. చందా తర్వాత అడుగుతాం, ముందు పిల్లల ఆట చూడండి. వాడు అడిగింది అదే కదా, చూసేదెవరని.